మూలన కూర్చున్న అంకె గారికి

మహారాజశ్రీ ఎఫ్‌పీఎస్ మీటరు గారి దివ్య సముఖమునకు కోనసీమ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ కంప్యూటరు ఫ్యాను తప్ప మేమందరం క్షేమం. తమరు 19 దగ్గర క్షేమంగా ఉన్నట్టు నిన్న రాత్రి చూసి తెలుసుకున్నాను.

ఆయ్, ఇది ఫిర్యాదు కాదండి. మా వైపు ఫిర్యాదైనా సరే, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి మరీ చెప్తాం. కాబట్టి ముందు తమరి గొప్పతనం గురించి నాలుగు ముక్కలు.

తమరుండేది నా కంప్యూటర్లో విమానం ఆట తెర మీద కుడివైపు పై మూల. రచ్చబండ మీద పెద్దమనిషిలాగా తమరే పనీ చెయ్యరు, చేసేవాళ్ళని లెక్కపెడతారు. ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేమ్స్ పర్ సెకండ్, కంప్యూటరు సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తే అంత అంకె. 60 వస్తే ఆకుపచ్చ మొహం, 30కి పసుపు, 20 లోపు ఎరుపు. మా ఇంట్లో స్టెబిలైజర్ ముల్లుదీ ఇదే ఉద్యోగం. కాకపోతే అమ్మ మిక్సీ వేసే ముందు దాన్నోసారి చూసి, తర్వాత పచ్చడి పనిలో పడుతుంది. నేను పచ్చడి సంగతి మర్చిపోయి ఏడాదిగా ముల్లునే చూస్తున్నాను.

అసలు ఈ ఫ్లైట్ సిమ్యులేటర్, అదే విమానం నడిపే ఆట, పెట్టుకున్నది ఒకే ఒక్క కోరికతో. మధురపూడి రన్‌వే మీంచి సెస్నా 172 అనే చిన్న విమానం లేపి, రాజమండ్రి వంతెనలు దాటి, ధవళేశ్వరం కింద గోదారి పాయలుగా చీలేచోట వశిష్ఠని పట్టుకుని, సిద్ధాంతం, చించినాడ, నరసాపురం మీదుగా వెళ్ళి అంతర్వేదిలో సముద్రం చూడాలని. దారి తప్పకపోతే అరగంట పని. ఏడాదైంది. ఆ దారిలో ధవళేశ్వరం దాటింది లేదు. బ్యారేజీ కనబడగానే తమరు 44 నుంచి 27కి దిగుతారు. నేను విమానాన్ని గాల్లోనే ఆపి సెట్టింగ్స్ తెరుస్తాను. కింద గోదారి కూడా, పాపం, ఎక్కడిదక్కడ ఆగి నాకోసం చూస్తూ ఉంటుంది.

మొదట్లో సెట్టింగ్స్ అన్నీ అల్ట్రాలో, అంటే అన్నిటికంటే పై మెట్టులో, పెట్టిన మాట వాస్తవం. పెళ్ళిలో విస్తరి చూసి పొట్ట సంగతి మర్చిపోయినట్టు. మబ్బులు అల్ట్రా, నీడలు అల్ట్రా, నీళ్ళలో ప్రతిబింబాలు అల్ట్రా. ఇప్పటి సిమ్యులేటర్లలో మబ్బంటే అట్టకి అంటించిన దూది కాదు కదండీ, దానికి మందం ఉంటుంది. అందులోంచి వెలుతురు ఎంత దూరిందో ఒక్కో బొమ్మకీ లెక్క కట్టాలి. జూలైలో మా మీద ఉండే లాంటి ఆకాశం పెట్టి అల్ట్రా నొక్కితే బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకే ముసురు పట్టింది. మబ్బుల్ని ఒక మెట్టు దించితే తమరు ఆరు మెట్లెక్కారు. ఆకాశంలో తేడా నా కంటికైతే ఆనలేదు. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు, రుచి మరిగాను.

తర్వాత రెండర్ స్కేల్ మీద పడ్డాను. నా మానిటరుకి 1920 అడ్డం, 1080 నిలువు, వెరసి 20,73,600 చుక్కలు. స్కేల్‌ని 80 శాతానికి దించితే కార్డు గీసేది 13,27,104 చుక్కలే. అడ్డంలో ఐదో వంతు, నిలువులో ఐదో వంతు తీసేస్తే మొత్తం మీద మూడో వంతుకి పైగా పోతుంది. నాలుగు గట్లూ తలా కాస్త లోపలికి జరిపితే చేను ఎంత మిగులుతుందో మా రైతుల్నడగండి. తమరు మాత్రం గంతేశారు. కాక్‌పిట్‌లో విమానం ఎంత ఎత్తులో ఉందో చూపించే అంకెలు వానలో తడిసిన పంచాంగంలా అలుక్కుపోయాయి. విమానం ఎత్తు తెలియకపోయినా పరవాలేదు, తమరి ఎత్తు తెలిస్తే చాలు అనుకునే స్థితికొచ్చాను.

అక్కడితో ఆగానా? చెట్లు తగ్గిస్తే తమరు పెరుగుతారని తెలిసింది. కోనసీమ వాడు చెయ్యాల్సిన పనేనా అది? చేశాను. స్లైడర్ ఎడమకి లాగాను. అంబాజీపేట చుట్టూ తోటలన్నీ మాయం. తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డ నాన్న తెర వంక కాసేపు చూసి, "ఏంట్రా, మళ్ళీ తొంభయ్యారా?" అన్నారు. 1996 నవంబరు తుఫానుకి మా వైపు కొబ్బరితోటలు ఎలా పడుకున్నాయో చూసిన మనిషి. స్లైడర్ మళ్ళీ కుడికి లాగేశాను. తమరు 24కి పడిపోయారు. ఆ ఒక్కసారీ బాధపడలేదు.

ఇలా కాదని కార్డే మార్చాను. దానికి ఎంతయ్యిందో ఇంట్లో చెప్పలేదు, తమరూ చెప్పకండి. మన ఊళ్ళ మీద సెస్నాతో తిరిగితే బాగానే ఉంది. ఓ రోజు సరదాపడి శంషాబాద్‌లో పెద్ద జెట్ ఎక్కాను. 28. పాత కార్డుతోనూ 28, కొత్త కార్డుతోనూ 28! కార్డేమో సగం పని కూడా లేక ఖాళీగా కూర్చుంది. తమరి పక్కనే ఎర్రటి అక్షరాలతో 'లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్' అని ఉంది. అదేంటో నాకు అర్థమైంది మా బాబాయి వల్ల. ఆయన సఖినేటిపల్లి రేవులో పంటు నడుపుతారు. విషయం విని, "మరి పంటు ఒక్కటే కదరా" అన్నారు. ఇవతల ఒడ్డున ఎన్ని బైకులు, ఎన్ని ఆటోలు నిలబడ్డా దాటించేది ఒక పంటు. అవతల నరసాపురం రోడ్డుని నాలుగు వరుసలు చేస్తే పంటు వేగం పెరుగుతుందా? నేను చేసింది అదే. ప్రాసెసర్‌లో ఒక్క మెయిన్‌థ్రెడ్డే జెట్ కాక్‌పిట్‌లో మెరిసే తెరల్నీ, ఎయిర్‌పోర్టు నిండా తిరిగే విమానాల్నీ, కంటికందినంత మేర ఇళ్ళనీ మోసుకెళ్ళి ఇస్తే తప్ప కార్డుకి గీయడానికేం ఉండదు. అప్పులు చేసి నేను వెడల్పు చేసింది అవతలి రోడ్డు.

అప్పుడు పంటు మీద బరువు తగ్గించాను. టెరైన్ లెవల్ ఆఫ్ డీటెయిల్‌ని 200 నుంచి 100కి దించాను. అంటే దూరాన ఉన్న ఊళ్ళు కాస్త ఆలస్యంగా స్పష్టంగా కనిపిస్తాయి, అంతే. రోడ్ల మీద బండ్లు, రన్‌వే చుట్టూ విమానాలు, నీళ్ళ మీద పడవలు అన్నీ కోశాను. తమరు 40 దాటారు. దాటి, కుదురుగా ఉన్నారా? 52, 38, 47, 31. అంకె పెద్దదే, విమానం మాత్రం గతుకుల రోడ్డు మీద ఆటోలా పోతోంది. నా మానిటరు సెకనుకి 60 సార్లు తెర మారుస్తుంది. తమరు 45 అంటే ఒక బొమ్మ రెండుసార్లు కనబడుతుంది, పక్కవి ఒక్కోసారే. కన్ను అక్కడే తడబడుతుంది. తమరు సగటు చెప్తారు గానీ తడబాటు చెప్పరు.

అయ్యా, ఈ సంగతి డెల్టా వాడికి ఇంకొకరు చెప్పాలా? వానాకాలం ముంపు, ఎండాకాలం ఎండు, సగటు చూస్తే బ్రహ్మాండం. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. గోదారిలో ఒక్క చుక్క పెంచాడా? ఉన్న నీళ్ళని పట్టి ఉంచి కాలవల్లోకి సమంగా వదిలాడు. మా కాలవల మీద లాకులు చూస్తూ పెరిగినవాణ్ణి, సెట్టింగ్స్‌లో 'ఎఫ్‌పీఎస్ లాక్' అని కనబడితే ఏడాదిపాటు దాన్ని దాటేసి పోయాను. మొన్న వేశాను, అంకె 30 దాటకుండా. ఒక్కో బొమ్మకి 33 మిల్లీసెకన్లు, ఒక్కోటి సరిగ్గా రెండేసి సార్లు. తమరు పసుపు మొహం పెట్టారు. విమానం కాలవలో పడవలా సాగింది.

ఆ ఊపులోనే తమరిని తెర మీంచి తీసేశాను. క్షమించాలి. మొహం మీద చెప్పడానికి మొహమాటపడి ఇలా రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం పంటుకి సెలవు పెట్టి బాబాయి ఇంటికొస్తే పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ధవళేశ్వరం దాటాం. "శ్రావణమాసంలో గోదారి ఇంత నీలంగా ఉందేంట్రా, ఎర్రనీరేదీ?" అన్నారు. చించినాడ వంతెన నీళ్ళ మీద చాపలా పరుచుకుని ఉంటే నవ్వారు. నరసాపురం దగ్గరికొచ్చేసరికి కుర్చీ ముందుకి లాక్కుని తెర మీద వేలు పెట్టారు. "ఇదిగో, ఈ వంపు దగ్గరే మన రేవు. పంటేదిరా?"

"పడవలు సున్నాలో పెట్టాను బాబాయ్. లేకపోతే కంప్యూటర్ లాగట్లేదు."

ఆయన కాసేపు ఆ ఖాళీ రేవునే చూశారు. "మరి జనం ఎలా దాటతార్రా?"

ఇట్లు,
తమరి మాజీ విధేయుడు.

తా.క.: నిన్న రాత్రి ఒంటరిగా కూర్చుని పడవల్ని 20కి పెంచాను. ఎక్కడో చిన్న కుదుపు తగిలినట్టయింది. తమరు పూర్తిగా రానక్కర్లేదు, ఒక్క నిమిషం తలుపు దగ్గరే నిలబడి ఎంతో చెప్పి వెళ్ళిపోతే చాలు అన్నాను. మొదటి పేరాలో 19 అన్నది అలా తెలిసిందే.