జానెడు దూరంలో తుంపర

చెవి, ముక్కు, గొంతు వైద్యుడి ముఖానికి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్న రోగి ముఖానికి మధ్య దూరం జానెడు, మహా అయితే మూరెడు. నాలుకను పలుచని గుడ్డతో పట్టి ముందుకు లాగి, చిన్న అద్దాన్ని లోపలికి పోనిచ్చి ‘ఈ...’ అనమనగానే రోగికి దగ్గు తన్నుకొస్తుంది. ఆ తుంపర వైద్యుడి కళ్లద్దాల మీద, ట్రే పట్టుకున్న నర్సు చేతుల మీద పడుతుంది. వరంగల్, కరీంనగర్ ఆసుపత్రులకు పత్తి ఏరివేత కాలంలో, చలికాలంలో ముక్కు దిబ్బడ, గొంతు గరగరతో పల్లెల నుంచి వచ్చేవారు, తోడొచ్చినవారు కూడా ఆ స్టూలు వెనకే వరుస కడతారు.

పెద్ద తుంపరలు ఒకటి రెండు మీటర్లలోపే నేల రాలుతాయి. అసలు చిక్కు చిన్నవాటితోనే. అవి గాలిలోనే ఆరిపోయి తేలుతూ ఉండిపోతాయి. క్షయ, తట్టు వ్యాపించేది ఇలాంటి కణాల ద్వారానే. ముక్కులో ఎండోస్కోపు పెట్టినప్పుడు వచ్చే తుమ్ము, గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చేటప్పుడు ఎగజిమ్మే కఫం, చెవి వెనక ఎముకను డ్రిల్లుతో తొలిచేటప్పుడు లేచే తడి పొగ ఈ ముప్పును పెంచుతాయి. గదిలో గాలి గంటకు 12 సార్లు పూర్తిగా మారినా అందులోని కణాలలో 99 శాతం తొలగడానికి 23 నిమిషాలు పడుతుంది. 6 సార్లే మారితే 46 నిమిషాలు. మన ఓపీల్లో మాత్రం లేచిన రోగి స్టూలు చల్లారకముందే మరొకరు కూర్చుంటారు.

మాస్కు ఒక్కటే సరిపోతుందన్న భావన ఈ లెక్క ముందు నిలవదు. ముఖానికి బిగుతుగా అతకని సర్జికల్ మాస్కు అంచుల గుండా గాలి చొరబడుతుంది కాబట్టి, ఇలాంటి పనులకు ఎన్95, కళ్లకు రక్షణ తప్పనిసరి. చెవి పరీక్షకు రోగి మాస్కు తీయనక్కరలేదు, ముక్కు చూసేటప్పుడు కాస్త కిందికి జరిపి నోటిని కప్పి ఉంచితే చాలు. మత్తు మందును చిమ్మే బదులు దానిలో తడిపిన దూది పెడితే తుమ్ములు, దగ్గు తగ్గుతాయి. వీటికి పెద్దగా ఖర్చు లేదు. ఖర్చు అవసరమైనది గాలికే. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలోని గాలినే చల్లబరిచి తిప్పుతుంది. దానికోసం కిటికీలు మూయడమంటే తుంపరను లోపల దాచుకోవడమే. కొత్త భవనాలకు శిలాఫలకాలు వేయడంలో చూపే శ్రద్ధ ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించడంలో కనిపించకపోవడం మాకు విడ్డూరంగానే ఉంది.

ఎండోస్కోపీకి వేరే గది, తోడొచ్చినవారికి బయట బెంచీలు, రోగికీ రోగికీ మధ్య విరామం ఉండేలా టోకెన్లు ఇవ్వడం జిల్లా ఆసుపత్రులకు అసాధ్యమేమీ కాదు. వైద్యుల కొరత ఉన్నచోట విరామమంటే క్యూ పెరగడమేనన్న అభ్యంతరం నిజమే. అక్కడైనా ఎండోస్కోపీలను ఓపీ ముగిశాక పెట్టుకోవచ్చు. ఈ చలికాలపు రద్దీ మొదలయ్యేలోగా వైద్యాధికారులు ఆ గదులకు స్వయంగా వెళ్లి, ఎన్ని కిటికీలు తెరుచుకుంటున్నాయో, ఎన్ని మేకులతో బిగించి ఉన్నాయో చూసి రావాలి.