360 డిగ్రీలంటే ఎక్కువే కదా!

నేను కొన్న కారు గంటకి నాలుగైదు కిలోమీటర్లకి మించి పోదని చెప్పగానే మా అమ్మ చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టేసింది. "ఒరేయ్, పన్నెండు వేలు పోసి మనకంటే నెమ్మదిగా నడిచేది కొన్నావా?"

"దీన్ని క్రాలర్ అంటారమ్మా. పరిగెత్తడం దీని పని కాదు, రాళ్ళెక్కుతుంది."

"మేకలూ ఎక్కుతాయి. పైగా పాలిస్తాయి."

ఇంక నేనేం మాట్లాడతాను. నిజం జీపుని పదో వంతుకి కుదిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, చేతిలో రిమోట్ పట్టుకుని దాన్ని బండరాయి మీదకి అంగుళం అంగుళం ఎక్కించాలి, అదీ ఆట. పిల్లవాడి పేరు చెప్పి కొన్నాను. తొమ్మిదేళ్ళవాడు, రెండు రోజులు ఆడి, "నాన్నా ఇది స్లోగా ఉంది" అని వెళ్ళిపోయాడు. (అమ్మ పోలిక.) ఆ తర్వాత అది నాదని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

సెకండ్ హ్యాండ్‌ది. ఊరు మారిపోతున్న ఒకాయన దగ్గర తీసుకున్నాను. అమ్మేటప్పుడు ఆయన "స్టీరింగ్ కొంచెం లూజండీ" అన్నాడు, పెళ్ళిచూపుల్లో "అబ్బాయికి కొంచెం కోపం" అన్నంత తేలిగ్గా. ఇంటికొచ్చి చూస్తే ఎడమకి తిప్పితే కటకటమని చప్పుడు, చక్రాలు మాత్రం కదలవు. మూత విప్పితే లోపల ప్లాస్టిక్ గేర్ల పళ్ళు సగం రాలిపోయి ఉన్నాయి. అంటే చక్రాల్ని అటూ ఇటూ తిప్పే సర్వో పోయింది. నాలుగు సెంటీమీటర్ల పొడుగు, రెండు సెంటీమీటర్ల వెడల్పు, ఇంతోటి నల్లడబ్బా. దీనికెంత అవుతుందిలే అనుకున్నాను.

బెంగళూరులో ఉన్న మా బామ్మర్దికి ఫోన్ చేశాను. వాడు డ్రోన్లు ఎగరేస్తాడు, కాబట్టి వాడికి అన్నీ తెలుసని మా ఆవిడ నమ్మకం. "బావా, చీప్‌ది వెయ్యకు. మెటల్ గేర్లుండాలి, కనీసం 20 కిలోలది చూడు. 1,100 అలా ఉంటుంది" అన్నాడు.

"ఇరవై కిలోలా? బండి మొత్తం కలిపి రెండున్నర కిలోలు లేదురా."

"బండి బరువు కాదు బావా, టార్క్. ఇరుసు నుంచి సెంటీమీటర్ దూరంలో ఎన్ని కిలోలు లాగుతుందో ఆ లెక్క. ముందు చక్రం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కున్నప్పుడు..."

సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను. నా బడ్జెట్ ఐదొందలు.

ఆదివారం పొద్దున్నే కోఠీ. గుజరాతీ గల్లీలో ఒక సందు షాపు, ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయటే ఆగాలి. ఇంజనీరింగ్ పిల్లలు రోబోలకి వాడే ఎమ్‌జీ 996ఆర్ అనే సర్వో ఉందన్నాడు కుర్రాడు. మెటల్ గేర్లు, 350 రూపాయలు, పది కిలోల చిల్లర లాగుతుంది. బామ్మర్ది చెప్పినదాంట్లో సగం బలం, మూడో వంతు ధర. బేరం బాగానే ఉంది కదా.

"నూట ఎనభైదా, మూడొందల అరవైదా అన్నా?" అన్నాడు.

"రేటు?"

"రెండు సేమే."

ఒకే డబ్బుకి రెండింతలు ఇస్తానంటే వద్దనడానికి నాకేమన్నా పిచ్చా? "360 డిగ్రీలదే ఇవ్వు" అన్నాను, గట్టిగా, పక్కన నిలబడ్డ ఇంజనీరింగ్ కుర్రాడికి కూడా వినపడేలా. వాడు నన్నోసారి ఎగాదిగా చూశాడు. ఈ అంకుల్ విషయం తెలిసినవాడు అనుకుంటున్నాడని అనుకున్నాను.

రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద పని మొదలుపెట్టాను. మొదటి చిక్కు హార్న్ దగ్గర. సర్వో ఇరుసు మీద కూర్చుని స్టీరింగ్ కడ్డీని లాగే చిన్న కొమ్ముని హార్న్ అంటారు. పాత హార్న్ లోపల 24 పళ్ళు, కొత్త సర్వోకి 25. ఒక్క పన్ను తేడా, అయినా దిగదు. కోపమొచ్చి గట్టిగా నొక్కితే నా వేలికి తగిలింది గానీ దానికేం కాలేదు. డబ్బాలో ఇచ్చిన ప్లాస్టిక్ హార్నే బిగించి, "అల్యూమినియం హార్న్ ఒకటి కొనాలి" అని పైకే అన్నాను. పక్కగదిలోంచి అమ్మ, "బొమ్మకారుకి హారన్ ఎందుకురా, ఎవరు అడ్డమొస్తారని?"

బ్యాటరీ కలిపి, రిమోట్ తీసుకుని కుడికి తిప్పాను. చక్రాలు చక్కగా కుడికి తిరిగాయి. ఇంత సులువా అనుకున్నాను. వదిలేశాను. మామూలుగా వదిలితే మధ్యకి రావాలి. రాలేదు. అలాగే కుడివైపే చూస్తూ ఉండిపోయాయి. మా పెదనాన్నగారు గుర్తొచ్చారు. ఆయన ఓసారి అలిగి గోడవైపు తిరిగారంటే ఎవరు బతిమాలినా ఇటు తిరిగేవారు కాదు. సరే అని ఎడమకి కొంచెం, చిటికెడంత తిప్పాను. చక్రాలు నెమ్మదిగా మధ్యకి వచ్చి, అక్కడ ఆగకుండా అదే నడకన ఎడమకి పోయి, ఇరుసుకి ఆనుకుని, ఇంకా పోదామని మూలుగుతున్నాయి. కంగారుగా కుడికి తిప్పాను. మళ్ళీ అటు చివరికి పోయి అక్కడ మూలుగు. పావుగంట ఇదే వరస. ఎప్పుడూ ఈ చివరో ఆ చివరో తప్ప మధ్యలో నిలవడం దాని జాతకంలో లేదు.

"ఏమండీ, స్టవ్ మీద ఏమన్నా పెట్టారా? మాడు వాసనొస్తోంది" అంది మా ఆవిడ.

సర్వో మీద వేలు పెట్టి వెంటనే తీశాను. దోసెల పెనం.

బామ్మర్దికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కాసేపు అవతల మాట లేదు. తర్వాత నవ్వు. స్పీకర్ ఆన్‌లో ఉందన్న సంగతి నేను మర్చిపోయాను, వాడికి తెలియదు. "బావా! 360 అంటే ఎక్కువ తిరుగుతుందని కాదు, తిరుగుతూనే ఉంటుందని!" మామూలు సర్వోలో కొమ్ము ఇప్పుడు ఎక్కడుందో చూసి చెప్పడానికి లోపల చిన్న పొటెన్షియోమీటర్ ఉంటుందట. రిమోట్ ఎంత తిప్పమంటే అంత తిప్పి, "చాల్లే, వచ్చేశాం" అని అది చెప్తేనే మోటారు ఆగుతుంది. ఈ 360 రకంలో ఆ చెప్పే ముక్కని పక్కకి తప్పిస్తారు. ఇంక రిమోట్ చెప్పేది ఎంత దూరం వెళ్ళాలో కాదు, ఎంత వేగంగా తిరగాలో. రోబో చక్రాలకి అదే కావాలి. స్టీరింగ్‌కి మాత్రం అది, ఇంట్లో పెద్దదిక్కు లేని కుర్రాడి చేతికి బైకు ఇచ్చినట్టే.

మళ్ళీ కోఠీ. వాపసు తీసుకోమంటే కుర్రాడు, "మీరే అడిగిండ్రు గద అన్నా" అన్నాడు. న్యాయమే. ఇంకో 350 ఇచ్చి 180ది తెచ్చాను. అది ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది, సోఫా దిండ్ల మీద, చెప్పుల స్టాండు మీద. అపార్ట్‌మెంట్ వెనక గ్రానైట్ ముక్కల గుట్ట ఎక్కించేసరికి రెండు రాళ్ళ మధ్య ముందు చక్రం ఇరుక్కుని తిరగనంది. బామ్మర్ది వాక్యం పూర్తి చెయ్యనిచ్చి ఉంటే బాగుండేది.

ఈసారి రోషం వచ్చింది. 20 కిలోలది కొంటే వాడు చెప్పిందే నిజమైనట్టవుతుంది కదా. అందుకని ఆన్‌లైన్‌లో 35 కిలోలది, 1,900 రూపాయలు, దానికి 180 రూపాయల అల్యూమినియం హార్న్. ఇంట్లో 700 అని చెప్పాను.

వచ్చాక నాకో అనుమానం. స్టిక్కర్ మీద 35 అని రాస్తే 35 అయిపోతుందా? తూచి చూద్దామనుకున్నాను. ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా ఉంది. సర్వోని దేనికో బిగించాలి, అది కదలకూడదు. వంటింట్లో చూస్తే చపాతీ పీట కనపడింది. మంచి చెక్క, మందంగా ఉంది. సర్వోకి నాలుగు స్క్రూలు, పీటకి నాలుగు కన్నాలు, నేరుగా దిగాయి, ఇంత చక్కగా నేనెప్పుడూ బిగించలేదు. సర్వో ఒక అంచున వచ్చేలా పీటని నేల మీద పెట్టి, మిగతా పీట మీద నేను కూర్చున్నాను, 82 కిలోలు, ఈ జన్మకి పనికొచ్చిన సందర్భం అదొక్కటే. కాటా ఒక కొక్కెం హార్న్‌కి, రెండోది తాడుతో గ్యాస్ సిలిండర్‌కి. నిండు సిలిండర్, గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు ముప్పై, ఎక్కడికీ పోదు. రిమోట్ తిప్పాను. తాడు బిగిసింది, సర్వో కీచుమంది, బండిలో రిమోట్ మాట అందుకునే రిసీవర్ లైటు ఒక్కసారి ఆరి వెలిగింది (దాన్ని నేను పట్టించుకోలేదు, పట్టించుకోవాల్సింది), కాటా మీద 8.6 కిలోలు. హార్న్ కన్నం ఇరుసుకి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంది కాబట్టి రెండున్నరతో గుణిస్తే 21.5. మిగతా పదమూడున్నర కిలోలు దారిలో ఎవరు తిన్నారు?

"ఆ 35 అనేది 8.4 వోల్టుల దగ్గర బావా, డబ్బా మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది చూడు. నువ్విచ్చేది ఆరు" అన్నాడు బామ్మర్ది. అంటే మూడో వంతుకి పైగా నేనే వదిలేసుకున్నాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడ వంటింట్లోకి వచ్చింది. పీట మీద నేను, కిందనించి వైర్లు, అక్కణ్నించి తాడు సిలిండర్‌కి. కొన్ని దృశ్యాలకి సంజాయిషీ ఉండదు.

తర్వాతి ఆదివారం ఖాజాగూడ గుట్టలకి వెళ్ళాను. హైదరాబాద్ గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది, అన్ని యుగాలు ఎదురుచూసిన రాయికి నా సర్వో తగలబోతోందని నాలో ఒక పులకింత. బండి ఎక్కుతోంది. నిజంగా ఎక్కుతోంది. సగం పైకెళ్ళాక ముందు ఎడమ చక్రం ఓ పగుల్లో దిగింది. ఇదే ఆ క్షణం అనుకుని ఒకేసారి యాక్సిలరేటరూ ఇచ్చి స్టీరింగూ తిప్పాను. బండి మొత్తం చచ్చిపోయింది. లైట్లు ఆరాయి, మోటారు పట్టు వదిలేసింది, బండి వెనక్కి జారి, ఒక పల్టీ, ఇంకో పల్టీ, వెల్లకిలా పడి, అప్పుడు మళ్ళీ ప్రాణమొచ్చి నాలుగు చక్రాలూ గాల్లో తిప్పింది. మార్నింగ్ వాక్ చేస్తున్న పెద్దాయన ఆగి, "ఛార్జింగ్ పెట్టలేదా బాబూ?" అన్నారు.

ఛార్జింగ్ ఫుల్లు. బ్యాటరీ వోల్టేజీని తగ్గించి రిసీవర్‌కీ సర్వోకీ అందించే భాగాన్ని బెక్ అంటారు, మామూలుగా మోటారుని నడిపే స్పీడ్ కంట్రోలర్ లోపలే ఇమిడి ఉంటుంది. నాది చవక రకం, రెండు మూడు ఆంపియర్లు దాటితే చేతులెత్తేస్తుంది. పెద్ద సర్వో బిగుసుకుని గట్టిగా తోసినప్పుడు ఒక్కసారిగా అంతకంటే ఎక్కువ లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, రిసీవర్ స్పృహ తప్పుతుంది. పల్లెటూళ్ళో మిక్సీ వేస్తే ట్యూబ్‌లైట్ మినుకుమినుకుమన్నట్టే. వంటింట్లో రిసీవర్ లైటు ఆరి వెలిగింది కూడా ఇందుకే. కాబట్టి విడిగా ఇంకో బెక్ కొని నేరుగా బ్యాటరీకి కలపాలి, 450 రూపాయలు. పాతదీ కొత్తదీ కొట్టుకోకుండా స్పీడ్ కంట్రోలర్ నుంచి రిసీవర్‌కి వచ్చే ప్లగ్గులో ఎర్ర వైరు ఊడదీయాలి. ఈ ఒక్క పనీ మాత్రం నేను మొదటిసారే సరిగ్గా చేశాను, ఎవరూ చూడలేదు.

కౌపీన సంరక్షణార్థం అని మన పెద్దలు ఊరికే అనలేదు. సన్యాసి గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లి పాల కోసం ఆవుని తెచ్చి, ఆవుని చూసుకోడానికి పెళ్ళి చేసుకున్నాడు. నాది ఐదొందల గోచీ. లెక్క వేస్తే 3,230 అయింది, పీట కాకుండా.

ఇంత చేశాక కూడా చక్రాలు పూర్తిగా తిప్పి పట్టుకుంటే సర్వో జుయ్యిమంటూ వేడెక్కుతోంది. బామ్మర్దికి వీడియో కాల్ చేసి చూపించాను. "రిమోట్ దగ్గరగా పెట్టు. అదిగో, డి/ఆర్ అని రాసి ఉందే, ఆ నాబ్ ఎంతలో ఉంది?"

"ఫుల్లు."

"ఎందుకు?"

"ఫుల్లంటే ఎక్కువే కదరా."

వాడు ఈసారి నవ్వలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. స్టీరింగ్ ఎంతవరకు తిరగాలో చెప్పేది ఆ నాబేనట. చక్రం తిరగాల్సినంత తిరిగి ఇరుసుకి ఆనుకున్నాక కూడా "ఇంకా తిప్పు" అని నేనే సర్వోకి చెప్తున్నానట, అది పాపం చెప్పిన మాట విని గోడని తోస్తోంది. నాబ్ పావు వంతు వెనక్కి తిప్పాను. జుయ్యి ఆగిపోయింది. ఖర్చు సున్నా.

ఇప్పుడు మా ఇంట్లో చపాతీలు నాలుగు పొక్కులతో వస్తాయి. మావాడు వాటిని స్క్రూ చపాతీలు అంటాడు.

ఆ 360 సర్వో అంత మాడినా చావలేదు. దసరాకి అమ్మ బొమ్మల కొలువు పెట్టినప్పుడు నాకో ఆలోచన వచ్చి, దాని మీద అట్టముక్క అతికించి కృష్ణుణ్ణి నిలబెట్టి, ఒక సర్వో టెస్టర్ నాబ్‌తో నెమ్మదిగా తిరిగేలా చేశాను. అమ్మ మురిసిపోయింది. మేక మాట మళ్ళీ ఎత్తలేదు, కింద ఫ్లాటావిడని పిలిచి, "మా అబ్బాయి చేశాడు" అని కూడా చెప్పింది. సాయంత్రం పేరంటాళ్ళు వచ్చారు. హారతి ఇచ్చేటప్పుడు దేవుడు కదలకూడదంది అమ్మ. నాబ్ సరిగ్గా మధ్యలో పెట్టి ఆపేశాను. సరిగ్గా అంటే నా కంటికి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఈ రకం సర్వో పాకుతూనే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. మంగళహారతి మొదటి చరణానికి కృష్ణుడు పక్కకి చూశాడు. రెండో చరణానికి పేరంటాళ్ళందరికీ పూర్తిగా వీపు చూపించాడు.

అమ్మ పళ్ళెం దించకుండానే నావైపు తిరిగి, నెమ్మదిగా, "ఒరేయ్, అచ్చం మీ పెదనాన్నేరా" అంది.