బరువు సరే, నడుము ఎంత?

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు చేరే జబ్బు, తేలిందన్న వార్త అందరూ చదివే ఉంటారు. పార్లమెంటులో కేంద్ర ఆరోగ్య మంత్రి కూడా ఆ మాట ఎత్తారు. అప్పటి నుంచి ఎక్కడ చూసినా అవే కారణాలు వినిపిస్తున్నాయి: కూర్చునే ఉద్యోగం, రాత్రి షిఫ్టులు, బిర్యానీ, టెన్షన్. అవి కారణాలు కావని నేననను. కానీ ఏటా కంపెనీ ఖర్చుతో ఫుల్ బాడీ చెకప్ చేయించుకునే మనుషుల్లో ఈ జబ్బు ఇంత దూరం వచ్చేదాకా ఎందుకు పట్టుబడటం లేదన్నది నా ప్రశ్న. అక్కడ తీసుకుంటున్న కొలతే తప్పు కాబట్టి, అని నా సమాధానం.

మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీ ఏదైనా ఒకటి తీసి చూడండి. విటమిన్ డి ఉంటుంది, బి12 ఉంటుంది, థైరాయిడ్ ఉంటుంది, జీవితంలో ఎప్పుడూ వినని పేర్లు ఇంకో యాభై ఉంటాయి. శరీరం కొలతల దగ్గరికొచ్చేసరికి ఎత్తు, బరువు, వాటి నుంచి లెక్కగట్టిన బీఎంఐ, అంతే. నడుముకి టేపు చుట్టే చోట్లు చాలా తక్కువ. బీఎంఐ 24 వస్తే చాలా రిపోర్టుల్లో పక్కన 'నార్మల్' అని పడుతుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం 23 దాటితే చాలు, అధిక బరువు కింద లెక్క, 25 నుంచి ఊబకాయం. 2009లోనే మన నిపుణులు ఆ గీతలు గీసిపెట్టినా ప్రింటౌట్లకి ఇంకా ఆ సంగతి తెలిసినట్టు లేదు. తర్వాత ఏ గ్యాస్ నొప్పికో స్కానింగ్ చేయించుకుంటే 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని వస్తుంది. "ఈ రోజుల్లో అందరికీ ఉంటుందండీ, కాస్త వాకింగ్ చేయండి" అంటారు. "నేను మందు ముట్టను కదా డాక్టర్ గారూ" అని ఆ రిపోర్టు పట్టుకున్నాయన ఆశ్చర్యపోతాడు. కథ అక్కడితో అయిపోతుంది.

అసలు ఈ బీఎంఐ అనేది జబ్బు పట్టుకోవడానికి పుట్టింది కాదు. 19వ శతాబ్దంలో క్వెటెలెట్ అనే బెల్జియం గణాంకవేత్త సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకుందామని కట్టిన లెక్క అది. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. జనాభాల్ని పోల్చడానికి పనికొస్తుంది, కాదనను. ఒక్క మనిషిని ఎదురుగా నిలబెట్టి దాంతో తీర్పు చెప్పడమంటే మాత్రం మూట తూచి లోపల ఏముందో చెప్పినట్టే.

దీనికి అందరికంటే బాగా సాక్ష్యం చెప్పింది ఇద్దరు డాక్టర్లు, అదీ తమ సొంత ఒంటితో. పుణేకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పక్కపక్కన ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మనవాడికి 21.2 శాతం! ఇది పెద్దయ్యాక తిండి వల్ల వచ్చిన తేడా మాత్రమే అనుకోవడానికీ లేదు. పుణే పల్లెల్లో పుట్టిన పసికందుల్ని ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పిల్లలతో యాజ్ఞిక్ బృందం పోల్చి చూసింది. అక్కడి పిల్లలు సగటున మూడున్నర కిలోలు, మనవాళ్లు 2.7 కిలోలు. కండ, పొట్ట లోపలి అవయవాలు బాగా చిన్నవి, కొవ్వు దగ్గర మాత్రం పెద్దగా తగ్గలేదు. అంటే పుట్టుకతోనే మనం సన్నగా కనిపించే కొవ్వు మనుషులం. ఇలాంటి ఒంటికి బరువు ఒక్కటే చూసి 'నీకేం పర్లేదు' అనడం మోసపుచ్చడమే అంటాను నేను.

లివర్ విషయానికొస్తే కొవ్వు ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు చాలావరకు అక్కడే ఉండిపోతుంది, పెద్దగా హాని చేయదు. పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరేది అలా కాదు, దాని నుంచి కరిగి వచ్చే కొవ్వు ఆమ్లాలు పేగుల నుంచి లివర్‌కి రక్తం మోసే పోర్టల్ సిర గుండా తిన్నగా లివర్‌లోకే వెళ్తాయి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో లివర్‌లోని కొవ్వు ఎక్కణ్ణుంచి వస్తోందని 2005లో వెతికిన ఒక అధ్యయనంలో దాదాపు 60 శాతం ఒంట్లో ముందే దాచుకున్న కొవ్వు నుంచే వస్తోందని, ఆ పూట తిన్న కొవ్వు వాటా 15 శాతమేనని తేలింది. నూనె మానేశానండీ అని గర్వంగా చెప్పేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఫ్యాటీ లివర్ ఉండే అవకాశం ఎంతో లెక్కగట్టడానికి 2006లో ఇటలీ డాక్టర్లు తయారుచేసిన ఫ్యాటీ లివర్ ఇండెక్స్‌లో ఉన్నవి నాలుగే అంశాలు. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు), జీజీటీ అనే లివర్ ఎంజైము, బీఎంఐ, నడుము చుట్టుకొలత. రెండు రక్త పరీక్షలు, రెండు కొలతలు.

మరి ఎంత ఉంటే భయపడాలి? మనవాళ్లకి మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 అన్నది అందరూ ఒప్పుకున్న గీత. అమెరికన్ వెబ్‌సైట్లు చూసి మగవారికి 40 అంగుళాల దాకా ఫర్వాలేదనుకోకండి, అది వాళ్ల లెక్క. నాకు నచ్చేది ఇంకా తేలికైన లెక్క: నడుము ఎత్తులో సగానికి మించకూడదు. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2022 నుంచి ఇదే చెబుతున్నాయి. 5 అడుగుల 5 అంగుళాల మనిషికి ముప్పై రెండున్నర అంగుళాలు. ఆ ఎత్తుతో 66 కిలోల బరువున్న వ్యక్తి బీఎంఐ 24 చూసుకుని మురిసిపోతుంటాడు, టేపు పెడితే 37 ఉంటుంది. 'నా ప్యాంటు 34 అండీ' అంటాడు. ఆ ప్యాంటు పొట్ట కిందకి జారి ఉంది నాయనా! టేపు పెట్టాల్సింది చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, కడుపు లోపలికి లాక్కోకుండా. చీర కుచ్చిళ్ల మీద నుంచో, బెల్టు మీద నుంచో కొలిస్తే కొలవనట్టే.

టేపుకి కొవ్వు చర్మం కింద ఉందో లోపల ఉందో తెలియదని, జన్యువుల వల్ల సన్నటివాళ్లకీ ఫ్యాటీ లివర్ వస్తుందని, లివర్ గట్టిపడిందో లేదో ఫైబ్రోస్కాన్ అనే ప్రత్యేక స్కానింగ్ చెప్పాలి తప్ప టేపు చెప్పలేదని లివర్ డాక్టర్లు అంటారు. నిజమే. కానీ టేపుని ఆఖరి తీర్పుగా పెట్టుకోమని ఎవరన్నారు? ఎవరిని ముందు లోపలికి పిలవాలో అది చెబితే చాలు. లివర్‌లో 5 శాతం కొవ్వు చేరితే చాలు, జబ్బు మొదలైనట్టు లెక్క, మామూలు అల్ట్రాసౌండ్‌కి 20 శాతం దగ్గరకొస్తే గానీ సరిగా కనపడదు. ఆ స్కానింగ్‌ని నమ్మేవాళ్లు టేపుని అనుమానించడం నాకు వింతగా ఉంటుంది.

దేశం మొత్తం మీద చూసినా కథ ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి నడుము, తుంటి కొలిచారు. బీఎంఐ ప్రకారం 25 దాటిన ఆడవాళ్లు 24 శాతం. నడుము, తుంటి నిష్పత్తి ప్రకారం ప్రమాదంలో ఉన్నవాళ్లు 56.7 శాతం. మగవాళ్లలో దాదాపు 23, 48. బరువు గీత దాటకపోయినా నడుము గీత దాటినవాళ్లు ఇంతమంది ఉన్నారన్నమాట. 'పిల్లలు పుట్టాక పొట్ట మామూలే' అనుకుని వదిలేసిన అక్కయ్యలు, పిన్నులు ఎందరో ఈ తేడాలోనే ఉన్నారు.

నాకు అసలు మండేది ఇక్కడే. మన రెండు రాష్ట్రాల ఆరోగ్య రాజకీయమంతా జబ్బు ముదిరాక మొదలవుతుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టింది, దాన్ని తక్కువ చేయను. కానీ 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 10 లక్షలు చేసింది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు అంది. పోటీ అంతా లక్షల్లోనే. ఆపరేషన్‌కి ప్యాకేజీ రేటు ఉంటుంది, నడుము కొలవడానికి ఉండదు, ఎందుకంటే దానివల్ల ఏ ఆసుపత్రికీ బిల్లు రాదు. లివర్ పాడయ్యాక చేసే ఖర్చుకి చప్పట్లు పడతాయి. 70 కిలోల మనిషి ఐదు నుంచి ఏడు కిలోలు తగ్గితే లివర్‌లో కొవ్వు, వాపు రెండూ దిగివస్తాయని ఊరూరా చెప్పిస్తే ఎవరూ ఫ్లెక్సీ కట్టరు.

విచిత్రం ఏమిటంటే కాగితం మీద ఇదంతా ఉంది. 30 ఏళ్లు దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుము కొలతకి ఒక గడి, దానికి మార్కులు ఉన్నాయి. మగవారికి 90 దాటితే ఒకటి, 100 దాటితే రెండు. ఆడవారికి 80, 90. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఫ్యాటీ లివర్‌ని కూడా బీపీ, షుగర్ల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. అంటే పల్లెలో కూలికి వెళ్లే అమ్మకి టేపు పెట్టాలని రూలు ఉంది, గచ్చిబౌలిలో వేలు పోసి చెకప్ చేయించుకునే వాడికి లేదు. పల్లెలో తీసిన ఆ అంకె ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ కంటపడితేనే ఉపయోగం, ఓపీ చీటీలో బీపీ పక్కన దానికి చోటిస్తే ఆ పనీ అయిపోతుంది. ఇక కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లు వచ్చే ఏడాది చెకప్ ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు నడుము కొలతని ఒక వరుసగా రాయించాలి. 90, 80 దాటినవాళ్లకి వయసు, రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లతో తేలిపోయే ఫిబ్-4 స్కోరు, అంటే లివర్ గట్టిపడే ప్రమాదాన్ని అంచనా వేసే అంకె, లెక్కగట్టించాలి. దానికోసం ప్యాకేజీలో విటమిన్ డి ఎగరగొట్టినా నాకేం అభ్యంతరం లేదు.