రాకెట్ల దుబారాపై ఒక ఆడిట్ అభ్యంతరం

2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను మోసుకుపోయిన ఎల్‌వీఎం-3 రాకెట్ లెక్కలను పరిశీలించగా, ప్రజాధనంపై మమకారం గల ఏ ఆడిటరుకైనా గుండె దడ పుట్టించే సంగతులు బయటపడ్డాయి. నేల విడిచేటప్పుడు దాని బరువు సుమారు 640 టన్నులు కాగా, అందులో అసలు సరుకు నాలుగు టన్నుల లోపే. మిగిలినదాంట్లో అత్యధిక భాగం ఇంధనమే. ఆ ఇంధనంలోనూ సింహభాగం తక్కిన ఇంధనాన్ని పైకి లేపడానికే ఖర్చయిందట.

అంతకంటే ఘోరం మధ్య దశలోని వికాస్ అనే రెండు ద్రవ ఇంధన ఇంజన్ల ప్రవర్తన. పక్కనున్న రెండు ఘన ఇంధన బూస్టర్లు నిప్పులు కక్కుతూ చాకిరీ చేస్తుంటే, ఇవి దాదాపు 108 సెకన్లపాటు వెలగకుండా కూర్చున్నాయి. గాలి పలచబడ్డ ఎత్తులో అంతే ఇంధనానికి ఎక్కువ తోపుడు బలం వస్తుందని ఇంజనీర్ల సంజాయిషీ. పదకొండు గంటలకు ఆఫీసుకు వచ్చే మా ఉద్యోగుల్లో ఒక్కరికీ ఇంత చక్కని కారణం తట్టలేదని విచారంతో నమోదు చేస్తున్నాము.

బూస్టర్లు రెండు నిమిషాలు దాటగానే అయిపోయాయి. ఖాళీ డొల్లలను స్టాకు రిజిస్టరులో చూపకుండా, వేలం వేయకుండా సముద్రంలోకి వదిలేశారు. సుమారు 115 కిలోమీటర్ల ఎత్తున, ఇక ఒరిపిడి పెట్టేంత గాలి లేదంటూ ఉష్ణకవచాన్నీ విసిరేశారు. పని తీరినదాన్ని మోయడం కంటే పారేయడమే ఆదా అన్న ఈ వాదన దేశంలో చెల్లుబాటయితే, ఎన్ని శాఖలు బంగాళాఖాతంలో తేలవలసి వస్తుందో ఊహించడానికే భయంగా ఉంది.

నిటారుగా లేచిన రాకెట్ కాసేపటికే తూర్పుకు వంగడం మరో అనుమానాస్పద చర్య. కక్ష్యలో నిలవడానికి కావలసింది ఎత్తు ఒక్కటే కాదు, అడ్డంగా పరుగెత్తే వేగమట. పైగా భూభ్రమణం వల్ల శ్రీహరికోట వద్ద గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగం ముందే చేతికందుతుందట. ఉచితంగా పుచ్చుకున్న ఈ సాయానికి రసీదు లేదు.

ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు వెళ్ళే పీఎస్ఎల్‌వీ రాకెట్లది ఇంకో తంతు. శ్రీలంక మీదుగా పోరాదని అవి ముందు ఆగ్నేయానికి సాగి, ఆ తరువాత దక్షిణానికి మళ్ళుతూ, ఆ మలుపుకే బోలెడు ఇంధనం తగలేస్తాయి. ఆ ద్వీపాన్ని కాస్త పక్కకు జరుపుకోవలసిందిగా పొరుగు ప్రభుత్వానికి ఒక ఉత్తరం రాస్తే తపాలా ఖర్చుతో పోయేది. అది మాని, చిన్న రాకెట్లు ఈ మలుపు లేకుండా నేరుగా దక్షిణానికి పోవడం కోసం తమిళనాడులోని కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేశారు.