మోకాళ్ల నొప్పికి పూర్తి విశ్రాంతా?
మోకాళ్లు అరిగినవాళ్లు నడక మానేసి పూర్తి విశ్రాంతి తీసుకోవాలని మోకాళ్ల నొప్పుల మీద నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. మిగతాదంతా బాగుంది కానీ ఈ మాట ఒప్పుకోలేను. దెబ్బ తగిలి వాచినప్పుడు రెండు మూడు రోజులు కాలికి పని చెప్పకపోవడం వేరు, అరుగుదల నొప్పికి మనిషిని నెలల తరబడి కూర్చోబెట్టడం వేరు. కీలులో ఎముకల చివర్లని కప్పి ఉండే మెత్తటి పొరకి, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు ఉండవు. కీలు కదులుతూ, ఒత్తిడి పడుతూ వదులుతూ ఉంటేనే లోపలి జిగురు ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. పైగా కూర్చుండిపోతే తొడ కండ చిక్కిపోయి భారమంతా మోకాలి మీదే పడుతుంది. మా అత్తయ్యకి అదే జరిగింది. ఎవరో చెప్పారని గుడికి నడిచి వెళ్లడం కూడా మానేసింది, కొన్నాళ్లకి బాత్రూమ్‌కి వెళ్లాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఫిజియోథెరపిస్టు నేర్పింది చాలా తేలికైనది: కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి, తొడ బిగించి కాసేపు ఉంచి దించడం. సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా చేసేది (మన సీరియళ్లలో ప్రకటనలకి కొదవా!). నేల మీద బాసింపట్టు వేసుకుని కూరగాయలు తరగడం మానేసింది. ఇప్పుడు రైతుబజారుకి తనే వెళ్తోంది, మెట్లెక్కడం మాత్రం ఇంకా కష్టమే. బరువు తగ్గాలన్న సంగతి వ్యాసంలో సరిగ్గా రాశారు, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లల గురించి కూడా ఒక ముక్క రాసుంటే బాగుండేది. షుగరు, బీపీ ఉన్నవాళ్లు సైతం చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనుక్కుని నెలల కొద్దీ మింగుతున్నారు, కిడ్నీలకి, కడుపుకి అది ఎంత చేటో వాళ్లకి ఎవరూ చెప్పడం లేదు.