పాఠం చెప్పినందుకు పాయింట్లు రావు

ఆగస్టు వచ్చిందంటే అమెరికన్ ఫుట్‌బాల్ వార్తల్లో ఒక ఫొటో తప్పకుండా కనిపిస్తుంది. ట్రెయినింగ్ క్యాంపులో ముప్పై అయిదు దాటిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) ఏదో వివరిస్తుంటాడు. పక్కన హెల్మెట్ చేత్తో పట్టుకుని కొత్త కుర్రాడు తలూపుతుంటాడు. సీనియర్ దగ్గర పాఠాలు అంటూ కింద నాలుగు ముక్కలు రాస్తారు. అది చదివి ఫ్యాంటసీ (అసలు ఆటగాళ్లతో ఊహాజట్టు కట్టి, మైదానంలో వాళ్ల ఆటకు పాయింట్లు లెక్కేసుకునే ఆట) ఆడేవాళ్లు ఆ కుర్రాడిని రెండు రౌండ్లు ముందే తీసేసుకుంటారు. నన్నడిగితే అది దండగ. సీనియర్ దగ్గర కుర్రాడు నేర్చుకోడని కాదు, నేర్చుకుంటాడు. కానీ ఆ నేర్చుకోవడం ఎప్పుడు పాయింట్లుగా మారుతుందో ఫొటో చెప్పదు. కాంట్రాక్టు చెబుతుంది, పాసులు అందుకునే రిసీవర్లు చెబుతారు.

డ్రీమ్11 అలవాటున్నవాళ్లకు ఒక్క మాట. అక్కడ ఒకే బ్యాటర్‌ను లక్షల మంది తమ జట్టులో పెట్టుకునేవారు. అమెరికాలో ఆఫీసుల్లో, స్నేహితుల మధ్య నడిచే లీగ్‌ల పద్ధతి వేరు. పదిపన్నెండు మంది కూర్చుని వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుంటారు, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఒకరు తీసుకున్న ఆటగాడు ఇంకొకరికి దొరకడు. సీజనంతా ఆ జట్టుతోనే నెట్టుకురావాలి. క్వార్టర్‌బ్యాక్‌కు సాధారణంగా 25 పాసింగ్ యార్డులకు ఒక పాయింటు, బంతిని అవతలి చివరి గీత దాటించే టచ్‌డౌన్ పాస్‌కు నాలుగు. విసిరిన బంతి ప్రత్యర్థి చేతికి చిక్కితే (ఇంటర్‌సెప్షన్) ఒకటో రెండో కోత. పక్కవాడికి ఆట నేర్పినందుకు మాత్రం ఏమీ రాదు.

గురుశిష్యుల కథ అనగానే అందరూ చెప్పేది కాన్సాస్ సిటీ చీఫ్స్ గురించే. 2017లో అసలు జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆ జట్టు 27వ స్థానం నుంచి 10వ స్థానానికి ఎగబాకి మరీ పాట్రిక్ మహోమ్స్‌ను తీసుకుంది. అప్పటికి స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే క్వార్టర్‌బ్యాక్, అలెక్స్ స్మిత్. తన కుర్చీ కోసమే కుర్రాడిని తెచ్చారని అతనికి తెలియక కాదు. అయినా మీటింగ్ గదిలో అన్నీ విప్పి చెప్పాడు. వారమంతా ఎలా సిద్ధమవాలో అతన్ని చూసే నేర్చుకున్నానని మహోమ్స్ చాలాసార్లు అన్నాడు. వింత ఏమిటంటే, కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకున్న ఆ ఏడాదే స్మిత్ తన కెరీర్‌లోనే బాగా ఆడాడు. 4,042 యార్డులు, 26 టచ్‌డౌన్లు, అయిదే ఇంటర్‌సెప్షన్లు. పాసుల నాణ్యతను కొలిచే పాసర్ రేటింగ్‌లో లీగ్‌కే మొదటివాడు. ఆ డ్రాఫ్ట్ తర్వాత స్మిత్ పనైపోయిందని వదిలేసినవాళ్లు సీజన్ పొడుగునా నాలుక్కరుచుకున్నారు.

ప్లేఆఫ్స్‌లో చోటు ఖాయమయ్యాక, చివరి వారం డెన్వర్‌లో స్మిత్‌కు విశ్రాంతినిచ్చి మహోమ్స్‌ను దింపారు. 284 యార్డులు వేశాడు, ఒక ఇంటర్‌సెప్షన్, టచ్‌డౌన్ పాస్ ఒక్కటీ లేదు. 24-10 ఆధిక్యంలో అతన్ని బయటికి పిలిచారు. తర్వాత వచ్చిన క్వార్టర్‌బ్యాక్ బంతి జారవిడిచాడు, స్కోరు సమమైంది. మళ్లీ మహోమ్స్‌నే పంపితే బంతిని ముందుకు తీసుకెళ్లి ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్‌తో 27-24కు గెలిపించాడు. ఫ్యాంటసీ లెక్కలో అది పదికి అటూఇటూ పాయింట్లు. పైగా అప్పటికే చాలా ఫ్యాంటసీ లీగ్‌ల ఫైనల్స్ అయిపోయాయి, చూసినవాళ్లే తక్కువ. నెల తిరిగేసరికి స్మిత్‌ను వాషింగ్టన్‌కు పంపేందుకు ఒప్పందం కుదిరింది. 2018లో మహోమ్స్ 5,097 యార్డులు, 50 టచ్‌డౌన్లు కొట్టి ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడు. ఫ్యాంటసీలోనూ అందరికంటే పైన నిలిచాడు. ఆ ఏడాది ఫ్యాంటసీ డ్రాఫ్ట్‌లో అతను చాలాచోట్ల ఆలస్యంగానే దొరికాడు.

ఇదంతా స్మిత్ చలవేనా? కొంతవరకే. మహోమ్స్‌కు ఆస్తిగా దక్కింది పాఠాలొక్కటే కాదు. ఆండీ రీడ్ లాంటి కోచ్, పాసులు అందుకునే టైరీక్ హిల్, ట్రావిస్ కెల్సీ కూడా దక్కారు. 2021 డ్రాఫ్ట్‌లో మూడో పిక్‌గా (ఎంపికగా) వచ్చిన ట్రే లాన్స్ కూడా జిమ్మీ గరోపోలో వెనక ఒక ఏడాది ఇలాగే కూర్చున్నాడు. రెండేళ్ల తర్వాత అతన్ని నాలుగో రౌండ్ పిక్‌కు డాలస్‌కు ఇచ్చేశారు. సి.జె. స్ట్రౌడ్ ఎవరి వెనకా కూర్చోలేదు. 2023లో మొదటి మ్యాచ్ నుంచే ఆడి 4,108 యార్డులు వేశాడు. కూర్చోబెడితేనే పండుతాడన్నది గెలిచినవాళ్లను మాత్రమే చూసి వేసే లెక్క.

సీనియర్ మంచితనం కూడా అంత తేడా తెచ్చినట్టు కనబడదు. గ్రీన్ బేలో సీనియర్ బ్రెట్ ఫార్వ్, ఆరన్ రోజర్స్‌ను తయారుచేయాలని నా కాంట్రాక్టులో లేదన్న ధోరణిలోనే మాట్లాడాడు. రోజర్స్ మూడేళ్లు బెంచీ మీద ఉండి, 2008లో పగ్గాలు చేపట్టి ఆ ఏడాదే నాలుగు వేల యార్డులు దాటాడు. 2020లో అదే జట్టు జోర్డన్ లవ్‌ను తెచ్చి ఈసారి రోజర్స్ నెత్తిన కూర్చోబెట్టింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. అక్కడ మాత్రం మూడేళ్లు ఇమిడాయి, మధ్యలో రోజర్స్ రెండు ఎంవీపీలు కూడా గెలిచాడు. 2023లో లవ్ వంతు వచ్చింది, 32 టచ్‌డౌన్లు వేశాడు. ఆప్యాయత ఉన్నచోటా పనైంది, లేనిచోటా పనైంది. రెండుచోట్లా ఉన్నది ఓపిక పట్టిన జట్టు.

అసలు సీజన్ మొదలయ్యాక నేర్పడానికి తీరికెక్కడిది? బుధ, గురు, శుక్రవారాల ప్రాక్టీసులో మొదటి జట్టుతో ఆడే ప్లేలు (ముందే గీసుకున్న ఎత్తుగడలు) దాదాపు అన్నీ స్టార్టర్‌కే పోతాయి. బ్యాకప్ స్కౌట్ టీమ్‌లో నిలబడి, ఆ ఆదివారం ఎదురయ్యే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌లా నటిస్తాడు. అంటే తన జట్టు ప్లేలకంటే పరాయి జట్టు ప్లేలే ఎక్కువ ఆడతాడు. మిగిలేది వీడియో గదిలో గడిపే గంటలు. బ్లిట్జ్ (ప్రత్యర్థులు అదనంగా మీదికి దూకడం) ఎటునుంచి వస్తుందో ఎలా పసిగట్టాలి, ముందు నిలబడి తనను కాచే లైన్‌కు ఏం చెప్పాలి అన్నవి అక్కడ వింటూ పట్టుకోవాలి. సీనియర్ క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో 2019లో డెన్వర్‌లో, కుర్రాళ్లకు నేర్పడం తన ఉద్యోగం కాదని, మ్యాచ్‌లు గెలవడమే తన పనని తేల్చి చెబితే అందరూ విరుచుకుపడ్డారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు. కూర్చున్న కొమ్మను నరుక్కోమని ఎవరికి మాత్రం చెప్పగలం?

ఫ్యాంటసీలో సీనియర్ అసలు ప్రభావం రిసీవర్ల మీద పడుతుంది. 2020లో మయామి ఇందుకు మంచి ఉదాహరణ. సీనియర్ రయన్ ఫిట్జ్‌పాట్రిక్ వరసగా రెండు మ్యాచ్‌లు గెలిపించి, జట్టు మూడు గెలుపులు, మూడు ఓటములతో ఉండగా, అతన్ని పక్కనపెట్టి కొత్త కుర్రాడు టువా టాగోవైలోవాను దింపారు. గుండె పగిలిందని ఫిట్జ్‌పాట్రిక్ దాచుకోకుండా చెప్పుకున్నాడు. రామ్స్ మీద టువా మొదటి మ్యాచ్‌లో జట్టు 28-17తో గెలిచింది. టువా వేసింది 93 యార్డులు. డిఫెన్స్ గెలిపించిన మ్యాచ్ అది. కోచ్‌కు సంతోషమే, ఆ వారం మయామి రిసీవర్‌ను ఆడించినవాడికి మాత్రం టెన్షన్. డిసెంబరులో రెయిడర్స్ మీద టువా తడబడుతుంటే నాలుగో క్వార్టర్‌లో ఫిట్జ్‌పాట్రిక్‌ను పంపారు. మైల్స్ గాస్కిన్‌కు 59 యార్డుల టచ్‌డౌన్. ఆఖర్లో ప్రత్యర్థి ఆటగాడు అతని హెల్మెట్ ఊచలు పట్టి మెడ తిప్పేస్తుంటే చూడకుండానే 34 యార్డుల పాస్. 26-25తో గెలుపు. చాలా లీగ్‌లకు అది ఫైనల్ వారం. గాస్కిన్‌ను నమ్ముకున్నవాళ్ల పంట పండింది.

ఫ్లాకో సంగతి ఇంకా తమాషా. 2023 నవంబరు దాకా ఇంట్లో కూర్చున్న 38 ఏళ్ల మనిషిని క్లీవ్‌లాండ్ పిలిచింది. అయిదు మ్యాచ్‌లు ఆడి 13 టచ్‌డౌన్లు వేశాడు. కుర్రాళ్లు క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్నప్పుడు చప్పబడిపోయిన రిసీవర్ అమారి కూపర్ హ్యూస్టన్ మీద ఒక్క మ్యాచ్‌లో 265 యార్డులు పట్టాడు. చాలా ఫ్యాంటసీ లీగ్‌లకు అది సెమీఫైనల్ వారం. ఫైనల్ వారానికి కూపర్ మడమ గాయంతో ఆడనేలేదు, ఆ దురదృష్టానికి మందు లేదు. అదే జట్టులోని డేవిడ్ ఎన్జోకు అనే ఆటగాడు మాత్రం ఆ ఫైనల్ వారం మ్యాచ్‌లో 134 యార్డులు పట్టాడు. ఇలాంటి అనుభవజ్ఞుడు ఎదురుగా రిసీవర్‌ను చూశాడంటే జంకు లేకుండా విసిరేస్తాడు. ఇంటర్‌సెప్షన్లు అతని ఖాతాలో, యార్డులు రిసీవర్ ఖాతాలో. అందుకే అతన్ని వదిలేసి అతని రిసీవర్లను వెతుక్కోవడం మేలు.

ఎప్పుడు మార్పు జరుగుతుందన్నది డబ్బు చూస్తే చాలావరకు తెలుస్తుంది, పూర్తిగా కాదు. అట్లాంటా 2024 మార్చిలో కర్క్ కజిన్స్‌కు నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్లు రాసిచ్చి, తర్వాతి నెలలోనే ఎనిమిదో పిక్‌తో మైకేల్ పెనిక్స్‌ను తెచ్చింది. అంత డబ్బు పోశారు కదా, రెండేళ్లు ఢోకా లేదని నేనూ అనుకున్నా. డిసెంబరు మధ్యకల్లా 16 ఇంటర్‌సెప్షన్లతో కజిన్స్ బెంచీ ఎక్కాడు. పెనిక్స్ మూడో మ్యాచ్‌లో రిసీవర్ డ్రేక్ లండన్ 187 యార్డులు, రెండు టచ్‌డౌన్లు కొట్టాడు. అది 18వ వారం, చాలా లీగ్‌లు అప్పటికే దుకాణం కట్టేశాయి.

నిజంగా నేర్పి ఫలితం తెచ్చినవాడి పేరు చెప్పమంటే నేను జాష్ మెక్‌కౌన్ పేరే చెబుతాను. 2018లో న్యూయార్క్ జెట్స్‌లో 39 ఏళ్ల వయసులో శామ్ డార్నాల్డ్‌కు చోటిచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ జట్టులో డార్నాల్డ్ నిలదొక్కుకోలేదు. ఆరేళ్ల తర్వాత మిన్నెసోటాలో ఇద్దరూ మళ్లీ కలిశారు, ఈసారి మెక్‌కౌన్ జీతం తీసుకునే క్వార్టర్‌బ్యాక్స్ కోచ్. ఆ సీజన్‌లో డార్నాల్డ్ 4,319 యార్డులు, 35 టచ్‌డౌన్లు వేశాడు. రిసీవర్ జస్టిన్ జెఫర్సన్ 1,533 యార్డులు పట్టాడు. ఫ్యాంటసీ డ్రాఫ్ట్ రోజున డార్నాల్డ్‌ను చాలా లీగ్‌లలో ఎవరూ తీసుకోలేదు. ఆగస్టులో మురిపెంగా చూసే ఆ ఫొటోలోకి మెక్‌కౌన్ వచ్చే అవకాశమే లేదు, అతను కోచ్ టోపీ పెట్టుకుని ఇంకోచోట నిలబడి ఉంటాడు. వచ్చే ఫ్యాంటసీ డ్రాఫ్ట్‌కు ముందు క్వార్టర్‌బ్యాక్స్ కోచ్‌ల జాబితా ఒకసారి తిరగేయండి.