ఒంటె మీద కాలనిర్ణయం

మొరాకో నుంచి తిరిగి వచ్చి నాలుగు రోజులైనా నా చెవుల్లోంచి ఇంకా ఇసుక రాలుతూనే ఉంది కనుక, ఉక్రోషం చల్లారకముందే ఇది రాస్తున్నాను. గిటారు వీరుడు జిమీ హెండ్రిక్స్ 1969 వేసవిలో కొద్ది రోజులు అట్లాంటిక్ ఒడ్డునున్న ఎస్సావీరాకు వెళ్లిన మాట నిజం. ఆ ఒక్క నిజం మీద పక్కనున్న దియాబత్ గ్రామం మేడ మీద మేడ కట్టుకుంది. అక్కడ ఇసుకలో కూరుకుపోయిన దార్ సుల్తాన్ అనే శిథిల భవనాన్ని చూసే ఆయన 'క్యాజిల్స్ మేడ్ ఆఫ్ శాండ్' పాట, అంటే మన భాషలో పిచ్చుకగూళ్ల పాట, కట్టాడని చెబుతారు. ఆ పాట ఉన్న ఆల్బమ్ 1967 డిసెంబరులోనే విడుదలైంది.

హెండ్రిక్స్ భక్తుడైన మా బావమరిది పోరు పడలేక ఒంటె ఎక్కాను. తన తండ్రి హెండ్రిక్స్‌కు స్వయంగా టీ కాచి ఇచ్చాడని ఒంటెల మనిషి చెప్పాడు. అప్పటికే మరో ఇద్దరి తండ్రులు ఆయనకు టీ ఇచ్చి ఉన్నారు. ఆ లెక్కన పాపం ఆయనకు గిటారు ముట్టుకునే తీరిక దొరికి ఉండదు. ఇంతలో పిచ్చుకగూళ్ల కథ మొదలైంది. కవుల కాలనిర్ణయం మీద తరాలుగా తగవులాడిన జాతిలో పుట్టినవాణ్ని, ఊరుకోగలనా? జీనుకున్న ఇనుప పిడిని వదిలి, లెక్క తప్పిన పిల్లవాణ్ని నిలదీసే పంతులుగారిలా చూపుడువేలు పైకెత్తి, "అయ్యా, పాట 1967లో..." అన్నాను.

ఒంటె సరిగ్గా అప్పుడే లేచింది. కూర్చున్న ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్లను ముందుగా నిటారు చేస్తుందని, ఆ క్షణంలో రెండు చేతులా పిడి పట్టుకుని వెనక్కి వాలాలని నాకు తరువాత తెలిసింది. ఈ సంగతి ఆ పెద్దమనిషి ముందే చెప్పాడట, కాకపోతే ఫ్రెంచిలో, అదీ వీడియో తీస్తున్న మా బావమరిదికి. నేను వేలు దించకుండానే ఒంటె మెడ మీదికి జారి, దానిని ఆప్యాయంగా కౌగిలించుకుని, దాని చెవిలో "అరవై ఏడు" అని మరొకసారి ఉచ్చరించి, ఏడాది పొడవునా ఆగని ఆ ఊరి గాలి టోపీని సముద్రం వైపు మోసుకుపోతుండగా, ఇసుకలో ముఖం మోపాను. ఒంటె మాత్రం నమలడం ఆపలేదు.

ఆ వీడియో సాయంత్రానికల్లా చుట్టాలందరి వాట్సాప్‌లకూ చేరింది. ఎక్కని సవారీకి పూర్తి కిరాయి కూడా ఇచ్చుకున్నాను. అన్నిటికంటే మండిపోయేది మాత్రం ఒంటెల మనిషి మాట. నన్ను లేవదీసి, చొక్కా దులిపి, కాసేపు లోతుగా ఆలోచించి, "అయితే మా ఊరికి 66లోనే వచ్చి ఉంటాడు లెండి" అన్నాడు.